ఉల్‌మేకెన్ వంచి చూపిన అతుకు

మా చిన్నకోడలు ఉల్‌మేకెన్ మొదటి గెలుపు మా ఊరి నీళ్ల ట్యాంకు. దాని కాళ్లు అతికే పని దక్కించుకోవడానికి ఆమె ఒక ఒంటెతో మాట్లాడాల్సి వచ్చింది.

సముద్రం ఒడ్డునున్న మా మంగిస్తావ్‌లో గాలి ఆగదు. సిలిండరు పెట్టి వెల్డింగు చేస్తే అతుకును కాచాల్సిన ఆ గ్యాసు కాస్తా సముద్రం పాలవుతుంది. అందుకే లోపల మందు కూరిన తీగ వాడతాం. తీగ కాలేటప్పుడు ఆ మందే పొగై అతుకును కాచుకుంటుంది. పాత ట్యాంకు కాలు విరిగి కూలిన ఏడు మేం మంచు కరిగించుకు తాగాం. కొత్తదాని కోసం మా అన్న కొడుకు కొషెర్‌బయ్ చిటపటల్లేకుండా కాలే తీగ తెచ్చాడు. రెండు ముక్కలు అతికి చూపిస్తే అతుకు వెండి కడియంలా మెరిసింది. ఊరంతా తడిమి మెచ్చుకుంది.

వెల్డింగు నేర్చి, తనూ వేరే తీగ తెచ్చుకున్న ఉల్‌మేకెన్ మాత్రం మెచ్చుకోలేదు. కానీ కొషెర్‌బయ్ ఆమెకు బావగారు. కోడలు బావగారి పేరు పలకదు, ఎదురు చెప్పదు. ఆమె తిన్నగా నా ఒంటె దగ్గరకు వెళ్లి అందరికీ వినబడేలా మొదలుపెట్టింది.

"ఒంటె తల్లీ, ఆ తీగ గొర్రెల దొడ్డి తలుపుకి భలేగా ఉంటుందే. వేలు మందం పలకల మీద వరస మీద వరస పోస్తే మాత్రం అతుకు పెళుసెక్కుతుంది. చలిలో నిండు ట్యాంకు ఊగితే వంగదు, విరుగుతుంది. కింద బకెట్లతో నిలబడేది మేమేగా!"

కొషెర్‌బయ్ టీ గిన్నె కింద పెట్టాడు.

"ఒంటే, మా మరదల్ని అడుగు. ఆవిడగారు తెచ్చిన తీగ అంత చిటపటలాడుతుందేం? చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే అతుకు పాడవుతుందేం?"

"మొండిదే తల్లీ, నాలాగే. కానీ బరువు మోస్తుంది, అవసరమైతే వంగుతుంది."

"నువ్వెప్పుడు వంగావే!" అంది మా ఆవిడ. అందరూ నవ్వారు. ఒంటె తల తిప్పుకుంది.

పెద్దవాణ్ణి గనక తీర్పు నాది. ఎవరి తీగతో వాళ్లను ఒక్కో జత పలకలు అతకమన్నాను. చల్లారాక బిగించి సమ్మెటతో కొట్టించాను. కొషెర్‌బయ్ అతుకు ఎండబెట్టిన పెరుగు ఉండలా ఫట్‌మంది. ఉల్‌మేకెన్‌ది కూర్చున్నవాడి మోకాలిలా వంగింది. ఎక్కడా చీలిక లేదు.

కొషెర్‌బయ్ విరిగిన ముక్కను తిప్పి తిప్పి చూసి ఒంటె వైపు తిరిగాడు.

"మా మరదలితో చెప్పవే, నిచ్చెన నేను పట్టుకుంటానని."

ఆ ట్యాంకు నాలుగు చలికాలాలు చూసింది. తర్వాత ఆమె చేసినవి కూడా చెప్పాలి. ఉప్పువాగు మీద వంతెన అతికింది. రేవులో క్రేన్ల కాళ్లు అతికింది, ఇప్పుడూ అక్కడే ఉంది. నేను ఊరి బడిలో నాలుగు ముక్కలు నేర్చినవాణ్ణి. అయినా రేవు గేటు దగ్గర మా కోడలి పేరు చెబితే కాపలావాడు లేచి టీ పోస్తాడు.

ఇప్పుడు పొరుగూరి ట్యాంకు వంతు. కొషెర్‌బయ్ పలకలు కోసి, అంచులు రుద్ది, ఆ మొండి తీగ చుట్టకు చెమ్మ తగలకుండా కట్టిపెట్టాడు. "నువ్వే అతికెయ్యరాదూ" అన్నవాణ్ణి, "నోర్ముయ్, ఆవిడ రానీ" అని కసిరాడు. ఒంటెను కూడా తీసుకెళ్లి ఆ ట్యాంకు పక్కనే కట్టించాడు.

రేవు నుంచి ఉల్‌మేకెన్ వచ్చేది ఏప్రిల్ రెండున, అందాకా ఆ ట్యాంకు ఆగుతుంది.