అవ్వ ముందుపళ్ళ సందు

ఆ రోజుల్లో నేను మనుషుల ముఖాలు చూసేదాన్ని కాదు, నోళ్లే చూసేదాన్ని. తిరుపతిలో పళ్ళ డాక్టరు చదువు చివరి ఏడాది. ఒక్క పన్ను కూడా లేని మనిషిని వెతికి తెచ్చుకుని, పరీక్షకు పూర్తి పళ్ళసెట్టు చేసి పెట్టాలి. బస్సులో ఏ ముసలాయన ఆవలించినా నాకు ఆశ పుట్టేది. చివరికి మనిషి మా ఇంట్లోనే దొరికింది, మా నాయనమ్మ (మేం అవ్వ అంటాం). మాది పుత్తూరు పక్క పల్లె. "ఎముకలు ఇరిగితే లోకమంతా కట్టు కోసరం పుత్తూరికి వస్తా ఉంటే, నేను కట్టుడు పండ్ల కోసరం తిరపతికి పోవాల్నా?" అని గొణిగినా, మనవరాలి చదువు కదా అని బస్సెక్కింది.

అచ్చు తీసేటప్పుడు వట్టి చిగుళ్లతోనే నా వేలు కొరికింది. (చిగుళ్లకు అంత బలముంటుందని మా పుస్తకాల్లో లేదు.) తర్వాత మైనంలో పళ్ళు పేర్చి, నోట్లో పెట్టి, పొంగిపోతూ అద్దం ఇచ్చాను. ముత్యాల వరుసే! అవ్వ అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"ఎవురివి మే ఇవి?"

"నీవే అవ్వా."

"నావి కావు. నా ముందుపండ్ల నడాన సందుండె. మీ తాత ఆ సందు జూసే నన్ను చేసుకునింది."

"సందు పెడితే సారు మార్కులు కోస్తాడవ్వా!"

"అట్లయితే మీ సారునే పెట్టుకోమను," అని సెట్టు తీసి నా చేతిలో పెట్టింది.

పరీక్షకు నాలుగు రోజులే ఉన్నాయి. ఇంకో బోసినోరు ఎక్కడ దొరుకుతుంది? ఏడుపు మింగుకుని, మైనం వేడిచేసి, ముందుపళ్ళు రెండూ కాస్త ఎడంగా జరిపాను. "ఇంకా రోంత," అంది అవ్వ. జరిపాను. "ఆ, సాలు," అని, ఏళ్ల తరబడి నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసి నవ్వింది.

పరీక్ష రోజు, బయటి నుంచి వచ్చిన పెద్ద సారు అవ్వ నోట్లోకి చూసి, "ఏమ్మా, ఈ ఖాళీ ఏంది?" అని నన్నడిగాడు. అవ్వే అందుకుంది: "అది ఖాళీ గాదప్పా. నా సందు." సారు ఆమెను చూసి, ఏదో రాసుకున్నాడు. పాసయ్యాను.

అవ్వను ఊరికి తీసుకెళ్లింది కూడా నేనే. వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తున్న తాత తలెత్తాడు. అవ్వ నవ్వింది. తాత చేతిలో కాయ అట్లే ఉండిపోయింది.

"యాడికి పోయింటివే ఇన్నాళ్లూ?" అన్నాడు.

నా పనితనాన్ని ఎవరైనా మెచ్చుకుంటారేమోనని గుమ్మంలో కాసేపు నిలబడ్డాను. నేనక్కడ ఉన్నట్టే వాళ్ళిద్దరికీ గుర్తులేదు. ఇప్పుడు నాకు సొంత క్లినిక్కుంది, నా సెట్లు చక్కగా అతుక్కుంటాయి. అవ్వకు చేసిన కింది సెట్టు మాత్రం కాస్త వదులు, మాట్లాడేటప్పుడు టక్కుమనేది. ఆ సంగతి నేను సారుకు చెప్పలేదు. అవ్వ, ఉన్నన్నాళ్లూ, నాకు చెప్పలేదు.