పొంతన గారి నోటీసులు

పొంతన గారు ఎవరినీ "బాగున్నారా" అని అడిగిన పాపాన పోలేదు. మీరెలా ఉన్నారో ఆయనే మీకు చెప్పేవారు. అదీ గొంతు తగ్గించి, మీ భుజం మీదుగా వెనక్కి చూస్తూ, అక్కడెవరో నిలబడి అందిస్తున్నట్టు.

ఏ ఊళ్ళోనూ ఆర్నెల్లు నిలవని నా కాళ్ళను పన్నుల ఆఫీసు రికార్డు గది మూడేళ్ళు పట్టి ఉంచింది. చేరిన రోజే ఆయన నా పక్కకొచ్చి, "మేడ మీద గదిలో దిగారు. ఒక్కరే. తెల్లారకముందే లేస్తారు, నీళ్ళు మాత్రం కాచుకోరు," అన్నారు. నేను ఆ ఊరొచ్చి పది రోజులైంది. వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయింది.

పూర్వం ఇంటి పొయ్యిలు లెక్కపెట్టి పన్ను వేసిన ప్రభుత్వాలుండేవని చదివాను. జనం పొయ్యిలు పూడ్చేసి చలికి వణికేవారట. ఇప్పుడు పొయ్యి దాకా వెళ్ళక్కర్లేదు. మీరిచ్చిన లెక్క ఒక పక్క, మీ గురించి బ్యాంకూ, బండీ, ప్రయాణాల టిక్కెట్లూ, రోజురోజూ అంకెలు పంపే కొత్తరకం కరెంటు మీటరూ చెప్పే కబుర్లు ఇంకో పక్క. యంత్రం రెంటినీ కలిపి చూస్తుంది. కలవని చోట ఎర్రగీత. ఆ గీతలన్నీ నేలమాళిగలో కిటికీల్లేని గదికి, ఆయన ముందున్న తెర మీదికి చేరేవి. "పొంతన కుదరడం లేదండీ" అన్నది ఆయన ఊతపదం. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా బతికిలేదు.

ఒక పళ్ళ డాక్టరు ఏడాదికి నాలుగొందల మంది రోగులే వచ్చారని రాసిచ్చాడు. కొన్న చేతితొడుగులు మాత్రం పన్నెండువేల జతలు. పొంతన గారు ఆయన్ని కూర్చోబెట్టి, చాలాసేపు ఆయన చేతులకేసే చూసి, మెల్లగా అడిగారు: "మీకు మొత్తం ఎన్ని చేతులండీ?" డాక్టరు చెమటలు కక్కుతూ సంతకం పెట్టాడు. ఆ తర్వాత నెలరోజులు బల్ల కింద చేతులు దాచుకుని తిరిగాడని చెప్పుకునేవారు.

ఇంట్లోనూ అంతే. ఆఫీసు నుంచి ఫోన్ చేసి, ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడలేదని భార్యకి చెప్పేవారు. ఆవిడ వెళ్ళి చూస్తే నిజంగానే పడి ఉండేది కాదు. తాను దయ్యంతో కాపురం చేస్తున్నానని ఆవిడ నాతో చాలా మామూలుగా అనేది.

ఇలా ఉండగా మా పై అధికారిగా కొత్త మేడమ్ బదిలీ మీద వచ్చారు. ఏ ఎర్రగీతా లేని పద్నాలుగు మందికి ఆయన నెలనెలా "స్వయంగా హాజరు కావలెను" అని నోటీసులు పంపుతున్నట్టు ఆవిడ కనిపెట్టారు. అందరూ పెద్దవాళ్ళు, ఒంటరివాళ్ళు. తప్పు లేనివాళ్ళని బెదిరిస్తున్నాడంటే లంచాల కోసమేనని ఆవిడ తేల్చుకుని, నోటీసులు ఆపించి, పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం ఊడుతుందన్నారు. ఆయన సంజాయిషీ రాసివ్వలేదు. జనం వివరాలు పన్ను పనికి తప్ప ఇంకెందుకు చూసినా నేరమే. నిజం చెప్పినా ఉద్యోగం పోయేదే.

తొమ్మిదో రోజు ఆయనే ఆవిడ గదికి వచ్చారు.

"ఒకావిడ మీటరు తొమ్మిది రోజులుగా ఒకే అంకె చూపిస్తోంది మేడమ్. రవ్వంత తేడా లేదు."

"సరిగ్గానే ఉందిగా మరి?"

"అదే భయం. మనిషి మసిలే ఇంట్లో అంకె కదులుతుంది. ఆ ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే బతికుంది."

మేడమ్ లేచి, ఫైళ్ళు పట్టుకొచ్చిన నన్నూ రమ్మన్నారు. ముగ్గురం వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం. వీధిలో ఎండ, ఆ ఇంటి కిటికీలకి మాత్రం మందపు తెరలు. తలుపు తట్టాం. లోపల ఫ్రిజ్ మూలుగు తప్ప ఏమీ లేదు. మళ్ళీ తట్టాం. ఆ మూలుగూ ఠక్కున ఆగిపోయింది. మేడమ్ నా మోచెయ్యి పట్టుకున్నారు. తలుపు నెట్టి చూస్తే గడియ పెట్టి లేదు.

చీకట్లోంచి ఒక గొంతు వచ్చింది. "నోటీసు తెచ్చారా?"

కుర్చీలో ఒక ముసలావిడ, ఒళ్ళో కాగితాల సంచీతో. ఒకప్పుడు పటాలు గీసే ఉద్యోగం చేసిందట. రొట్టె, పళ్ళతో గడుపుతోంది. దీపం వేయడం మానేసింది. నెలనెలా పొంతన గారు ఆవిడ కాగితాలు మూడు గంటలు తిరగేసేవారు. ఆ మూడు గంటలూ బయట బల్ల మీద, అదే రోజుకి నోటీసు అందుకుని వచ్చిన మిగతా పదముగ్గురితో ఆవిడ వాదులాడుకునేది. ఈసారి పిలుపే రాలేదు.

"నా లెక్కలో ఒక్క తప్పూ దొరకలేదా బాబూ?" అంది, చిన్నబుచ్చుకుని.

మేడమ్ పొంతన గారికేసి చూశారు. ఆయన నేలకేసి చూశారు. మేడమ్ ముసలావిడ వైపు తిరిగి, "రేపు పదిన్నరకి ఆఫీసుకి రండమ్మా," అన్నారు.

"కాగితం లేందే రాను."

మేడమ్ గుమ్మంలోనే కూలబడి, తన చేతిసంచీలోంచి తెల్లకాగితం తీశారు. పద్నాలుగు నోటీసులూ ఇకమీదట తన సంతకంతోనే వెళ్తాయని గొణుక్కుంటూ సగం రాసి ఆగారు. "కారణం ఏమని రాయనండీ?"

పొంతన గారు కాసేపు బుర్ర గోక్కున్నారు. "వివరాలన్నీ సరిగ్గా ఉన్నందున, అని రాయండి."

రాసి, సంతకం చేసి ఇచ్చారు. ముసలావిడ కిటికీ తెర బార్లా లాగి, వెలుగులో కాగితాన్ని రెండుసార్లు చదివి, వెనక్కిచ్చేసింది.

"తేదీ వేయలేదు."