సంతకానికి ముందు చదివి వినిపించిన ఖాలా

మెదక్ కోర్టు ఎదురుగా ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజులు టైపు చేసిన మా పక్కింటి ఖాలా పోయిన శుక్రవారం కన్నుమూసింది. ఖాలా అంటే పిన్ని. మా గల్లీలో చిన్నా పెద్దా అందరికీ ఆమె ఖాలాయే. ఆ రోజు నేను అన్నం ముట్టకుండా కూర్చుంటే అమ్మ, "నూరిపోసెటామె పోయిందని ఏడుస్తున్నవానే?" అంది. అన్న నవ్వాడు. ఆమె నాకేదో నూరిపోసిందని ఇంట్లో గట్టి నమ్మకం. అది అబద్ధం. ఆమె నాకొక కాగితం చదివి వినిపించింది, అంతే.

డిగ్రీ అయ్యాక, ఇంట్లో కాలు నిలవని రోజుల్లో ఆమె దగ్గర కూర్చునేదాన్ని. టైపు మిషన్ పోయి కంప్యూటర్ వచ్చినా కీబోర్డును అలాగే బాదేది. "మెల్లగ ఖాలా, పగుల్తది" అంటే, "పగలనీ. కొట్టిన అక్షరం చెవులకు వినపడాలె" అనేది. సంతకం చేసే మనిషికి మొత్తం చదివి వినిపించనిదే కాగితం ఇచ్చేది కాదు. విసుక్కుని పక్క సెంటర్‌కు పోయినవాళ్లు చాలామంది.

ఆ అలవాటు ఎక్కడిదని ఒకసారి అడిగాను. విడాకులైన ముస్లిం ఆడవాళ్లకు భరణం ఇవ్వాలా వద్దా అని దేశమంతా వాదించుకున్న రోజుల్లో ఆమెకు ఇరవై ఏళ్లు. ఆమెదీ అలాంటి కేసే. "కోర్టుల, పేపర్ల, రేడియోల అంత నా ముచ్చటనే. నన్ను మాత్రం ఒక్కరు అడగలే బిడ్డా. ఏం రాసి సంతకం తీసుకున్నరో నాకే ఎరుకలేదు" అంది. ఆ వాయిదాలకు తిరుగుతూనే టైపు నేర్చుకుంది.

తీర్పులను ఆమె అంత తేలిగ్గా నమ్మేది కాదు. తాతల ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన వాటా అని చట్టం వచ్చింది, పెద్ద కోర్టూ గట్టిగా చెప్పింది. అప్పటినుంచి తన దగ్గరికొచ్చే కాగితాలు మారాయనేది. "అంతకుముందు చెల్లెండ్లను ఎవరు పిలిచిన్రు? ఇప్పుడు కొత్త చీర పెట్టి, ఆటోల కూసోబెట్టి తెస్తున్రు. వాటా వద్దని రాసిచ్చెతందుకు." మళ్లీ తనే, "గవన్ని నా చేతులతోనే కొట్టిన" అంది.

పోయిన ఎండాకాలం మా అన్న ఆమెకొక చిత్తుప్రతి ఇచ్చాడు. నాన్న పోయాక, శంకరంపేట దగ్గరి తాతల పొలంలో నా వాటా నేను వదులుకుంటున్నట్టు. నాతో ఒక్క మాటా అనలేదు. ఖాలా నన్ను పిలిచి కూర్చోబెట్టి చదివింది: "'నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా...' ఇష్టమేనా బిడ్డా? నీకంటె ముందుగాల కాగితానికి ఎరుకైంది."

ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. ఆమె సలహా ఇవ్వలేదు. చిత్తుప్రతి అన్నకు తిరిగిచ్చి, "నీ చెల్లె 'ఇష్టమే' అనలే బాబూ. నేను కొట్ట" అంది.

ఆ వారం నుంచి ఇంట్లో నా మీద ప్రేమ పెరిగింది. వదిన సర్వపిండి చేసి పెడుతోంది. అన్న బస్టాండు దాకా బండి మీద దింపుతున్నాడు. సర్వపిండి బాగానే ఉంటుంది. తింటూ వాళ్ల ముఖాలు చూస్తుంటాను.

ఖాలా పోయిన మూడో రోజు అన్న వేరేచోట కొట్టించిన కాగితం తెచ్చాడు. "రేపు పదింటికి పోదాం. జర తయారుండు చెల్లె."

"అన్న కావాల్నా, భూమి కావాల్నా నీకు?" అంది అమ్మ.

రెండూ కావాలి. కానీ 'చెల్లె కావాల్నా, భూమి కావాల్నా' అని అన్నను ఎవరూ అడగరు.

కాగితం టీవీ పక్కన, రిమోట్ కింద ఉంది. సాక్షుల పేర్లు అప్పుడే నింపారు. నా పేరు దగ్గర ఎవరో పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టారు. నేను సంతకం పెట్టను.