మా అత్త గంప దించిన పిల్ల

మా అత్త పోయింది. సూళ్లూరుపేట మార్కెట్లో గంప ముందర కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయిందని ఆటో అతను ఫోన్ చేశాడు. ఆస్పత్రికి తీసుకుపోయేసరికే ప్రాణం లేదన్నారు. గంపలో ఇంకా నాలుగు గుప్పెళ్ల ఎండురొయ్యలు మిగిలి ఉన్నాయి. ఇది జరిగి పంతొమ్మిది రోజులైంది.

పోయినవాళ్ల గురించి పేపర్లో రాస్తుంటారు కదా, నేనూ చదువుతుంటాను. నాది ఐదో తరగతి చదువు. మా అత్త గురించి రాయాలంటే ఆమె మంచి ఒక్కటే రాస్తే కుదరదు, నా చెడ్డ కూడా రాయాలి. లేకపోతే ఆమె ఏం చేసిందో మీకు తెలియదు.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపల మీద బతికే ఊరు. మగవాళ్లు పడవల మీద పోతారు, ఆడవాళ్లు గంప నెత్తిన పెట్టుకుని అమ్ముకొస్తారు. నిండు గంపను ఒక్క మనిషి ఎత్తుకోలేదు, దించుకోలేదు. ఎత్తడానికి ఒకరు, దించడానికి ఒకరు కావాలి. అందుకే మా ఊళ్లో ఆడవాళ్లు రాత్రి ఎంత తిట్టుకున్నా తెల్లారితే గంప దగ్గర మాట్లాడుకోక తప్పదు. "గంప దించకుండా ఏ మాటా తేల్చకూడదుమే. మెడ నొప్పి మీద మాట్లాడితే మాట కూడా వంకరగానే వస్తాది" అనేది అత్త.

పెళ్లయిన ఆరేళ్లలో నాకు మూడు కడుపులు నిలవలేదు. మూడోది ఐదు నెలలు మోశాను. ఆ బిడ్డను ఎక్కడ పెట్టారో నాకు చెప్పలేదు. అత్తకు తెలుసు. ఏడ్చి అడిగితే కంచం ముందుకు తోసి, "తినుమే. నువ్వు పస్తుంటే చేప తిరిగి నీళ్లలోకి పోదు" అంది. ఆ మాటకు ఆరోజు కోపమొచ్చింది. కానీ నేను తినేదాకా ఆమె కూడా ముద్ద ముట్టలేదు.

అప్పుడు మా వీధి ముసలామె ఒకరు, "పరాయి బిడ్డను తెచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకో. ఆ పాదం మంచిదైతే నీ కడుపు నిలుస్తాది" అని చెప్పింది. మా వైపు ఈ నమ్మకం ఉంది. అనాథ పిల్లల హోంలో ఉన్న పిల్లను ఇంట్లో పెట్టుకుని పెంచవచ్చని, రెండేళ్లు బాగా చూసుకుంటే దత్తత కూడా ఇస్తారని అంగన్వాడీలో విన్నాను. అర్జీ పెట్టాం. "పిల్ల ఎందుకు కావాలమ్మా?" అని ఆఫీసు మేడం అడిగితే "పెంచుకోవడానికి" అన్నాను. అది అబద్ధం. నేను పిల్లను తెచ్చుకోలేదు, మందు తెచ్చుకున్నాను.

ఆరేళ్ల పిల్ల నీలం సంచి ఒకటి పట్టుకుని వచ్చింది. మెట్ట ఊళ్లో పుట్టిన పిల్ల, చేప ముల్లంటే భయం. అత్త ముల్లు తీసి, వేళ్లతో నలిపి, ఇంకోసారి చూసి నోట్లో పెట్టేది. చూడవచ్చినవాళ్లు ఏ ఊరు, ఎవరి బిడ్డ అని తవ్వి తవ్వి అడిగేవాళ్లు. ఒకరోజు అత్త ఇసకలో కాళ్లు చాపుకుని రొయ్యలు ఏరుతూ, తల ఎత్తకుండానే అంది: "రొయ్య పుట్టేది సముద్రంలో, పెరిగేది మన సరస్సులో. దాన్నెప్పుడన్నా నీది ఏ ఊరని అడిగినావా? కూరొండుకుని తింటివి కదా."

సాయంత్రం అత్త మార్కెట్ నుంచి బియ్యం, కూరగాయలు గంపలో వేసుకొచ్చేది. పిల్ల దడి దగ్గర కాచుకుని ఉండేది. దాని చేతులు అందవు. అత్త మోకాళ్లు వంచి, వీపు నిటారుగా పెట్టి అలాగే కిందికి దిగేది, పిల్ల గంప పట్టుకునేది. "ఈ పిల్ల రాకముందు ఎట్ట బతికినానో" అని ఊరంతా వినేటట్టు చెప్పేది.

పిల్ల వచ్చిన ఏడాదికి నాకు కడుపు నిలిచింది.

సీమంతానికి వచ్చిన ఆడవాళ్లంతా పిల్ల పాదం మంచిదన్నారు. గాజులు తొడుగుతూ మా పిన్ని నా చెవిలో, "వచ్చిన పని అయిపోయింది కదే. రేపు నీ బిడ్డను చూస్తావా, ఊళ్లోవాళ్ల బిడ్డను చూస్తావా?" అంది. మొగుడు పోయిన మనిషి కాబట్టి అత్త గాజులు తొడగకూడదు, తలుపు వెనక నిలబడి ఉంది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని ఉంది. ఆ ఇద్దరినీ ముందుకు రమ్మని నేను పిలవలేదు.

పిన్ని మాట నాలోకి పోయి కూర్చుంది. పిన్నిని అనడం ఎందుకు, చోటు నేనే ఇచ్చాను. మేడంకు ఫోన్ చేసి, ఒంట్లో బాగోలేదు, పిల్లను చూసుకోలేను, తీసుకుపొమ్మని చెప్పాను. మా ఆయనకు సగమే చెప్పాను. అత్తకు అసలు చెప్పలేదు. పిల్ల విన్నదో ఏమో, ఆ రాత్రి కంచంలో అన్నం సగం తీసి గిన్నెలో వేసి, "నేను కొంచెమే తింటానమ్మా" అంది. ఆ మాట విని కూడా నేను మనసు మార్చుకోలేదు. ఇది రాయడానికే నాకు పంతొమ్మిది రోజులు పట్టింది.

మేడం వచ్చిన రోజు దాని గౌన్లు ఆ నీలం సంచిలోనే సర్ది గుమ్మం పక్కన పెట్టాను. అత్త మార్కెట్లో ఉంటుందిలే అనుకున్నాను. ఎవరు చెప్పారో, మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చేసింది. నెత్తిన గంప. మేడంను చూసింది, సంచిని చూసింది, దడి దగ్గరే నిలబడింది.

"దించుతా ఉండత్తా" అని లేచాను.

"నువ్వు కడుపుతో ఉండావు. దించకూడదు."

"నేను పట్టుకుంటానమ్మా" అని మేడం కూడా లేచింది.

"మీ చీర నీచు వాసనొస్తాది మేడం. నా గంప దించే మనిషి వేరే ఉండాది. అది వస్తేగానీ కూర్చోను, కూర్చుంటేగానీ మాట్లాడను."

ఇంటి వెనక దాక్కున్న పిల్ల ఆ మాటకు పరిగెత్తుకొచ్చింది. అత్త ఎప్పటిలాగే మోకాళ్లు వంచింది. పిల్ల రెండు చేతులతో గంప పట్టుకుని కింద పెట్టింది. అప్పుడు చూశాం. గంపలో నాలుగు పొలుసులు తప్ప ఏమీ లేవు. ఖాళీ గంపైతే ఆమె చంకన పెట్టుకునే వచ్చేది, నెత్తిన మోసేది కాదు.

మేడం ఆ గంపను చూసి, నన్ను చూసి, ఫైలు మూసేసింది. "పెద్దమ్మా, మీరేమంటారు?" అని అడిగింది.

"అనేదేముంది మేడం. పుట్టబోయేవాడికి అక్క కావాల. కానుపు సంగతి నేను చూసుకుంటా." ఆ సంచి తీసి ఖాళీ గంపలో వేసి, "లోపల పెట్టిరామే" అని పిల్లకిచ్చింది.

అంతే. ఆ తర్వాత ఏడేళ్లు మేం ఒకే పొయ్యి మీద వండుకున్నాం. అత్త తన కొడుకుతో కూడా ఆరోజు సంగతి చెప్పలేదు. నాతో పోట్లాడినప్పుడు వంట మీద అంది, నిద్ర మీద అంది, మా పుట్టింటి మీద అంది. ఆ సంచి మాట మాత్రం ఏనాడూ ఎత్తలేదు. ఒక్కసారి ఎత్తిపొడిచి ఉంటే నాకు బరువు తగ్గేది.

నాకు కొడుకు పుట్టాడు. తర్వాత పిల్ల దత్తత కాగితం కూడా చేతికి వచ్చింది. ఆరోజు అత్త పిల్లకు ముల్లు తీయడం మానేసింది. "ఇంక ఇంటి పిల్లవి. నీ ముల్లు నువ్వే తీసుకోవాల" అంది. పిల్ల మూతి ముడుచుకుంటే పగలబడి నవ్వింది.

మాలో పెద్దవాళ్లు పోతే పాడె ఎత్తే ముందు మనవలు, మనవరాళ్లు దీపాలు పట్టుకుని చుట్టూ నిలబడాలి. మా పెద్దబిడ్డ, ఆ పిల్లే దీపాలు వెలిగించింది. "మనవడిని పిలవండి" అని కులపెద్ద కేకేశాడు. అది చేతిలోని దీపం తమ్ముడికిచ్చి, ఎవరూ చెప్పకుండానే జనం వెనక్కి పోయింది. నువ్వూ రామే అని పిలవాల్సిన నేను కొడుకు చేతిలో దీపం సరిచేస్తూ ఉండిపోయాను. అంతలో పాడె ఎత్తేశారు. తర్వాత అడిగితే, "నన్ను పిలవలేదు కదమ్మా" అంది, మామూలుగా.

సీమంతం నాడు తలుపు వెనక నిలబెట్టింది నేను. పద్నాలుగేళ్లొచ్చినా అది ఇంకా అక్కడే నిలబడి ఉంది. దాన్ని ముందుకు పిలిచే మనిషి పోయింది. అందుకని ఇది రాశాను. నా రాతలో తప్పులు దిద్దేది ఆ పిల్లే. దానికివ్వకుండా పేపరుకు పంపలేను.

ఇక్కడిదాకా రాసి నిన్న సాయంత్రం దాని చేతికిచ్చాను. అరుగు మీద కూర్చుని చదివింది. నేను వాకిట్లో చేపలు తోముతూ తల ఎత్తలేదు. అది కాగితాలు మడిచి గూట్లో పెట్టి, దడి పక్కన బోర్లించి ఉన్న అత్త గంప తీసుకుని కుళాయి దగ్గరికి పోయింది. కడిగింది. తిరిగి వస్తూ దాన్ని నెత్తిన పెట్టుకుని, అత్త నిలబడే చోటే నిలబడింది.

చేతులు కొంగుకు తుడుచుకుని దగ్గరికి పోయాను. ఇప్పుడు అది నాకంటే జానెడు పొడుగు. నా చేతులు అందేటట్టు మోకాళ్లు వంచింది.