నాన్న తినని ఉప్పుచేప

మా నాన్నవైపు వాళ్లకి ఆస్తులు పెద్దగా రాలేదు గానీ, కిడ్నీల నిండా నీటి బుడగలు మాత్రం తరతరాలుగా లోటు లేకుండా వచ్చాయి. పెళ్లిళ్లలో వేరే చుట్టాలు పిల్లల మార్కులు అడిగితే, మావాళ్లు కిడ్నీ పరీక్షలో ఒకరి క్రియాటినిన్ అంకె ఒకరు అడిగేవారు. అందరిలోకీ తక్కువ మా నాన్నది. ఆ గర్వంతో బంతిలో కూర్చుని మీసం మెలేసేవాడు.

సెల్‌ఫోన్లు కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో, నాలుగైదు నెలల్లోనే ఆ అంకె అమాంతం పెరిగిపోయింది. కబురు తెలియగానే నాన్నకి అక్క, మా పెద్దత్త, భీమడోలులో రైలెక్కి ఏలూరులో దిగింది. వచ్చీరాగానే కాళ్లయినా కడుక్కోకుండా నాన్న చెయ్యి లాక్కుని వేళ్లు వాసన చూసింది.

"ఉప్పుచేప తిన్నావురా! డాక్టరుగారు ఉప్పు వద్దన్నారా లేదా?"

"తినలేదక్కా, ఒట్టు. కొల్లేట్లో చేపల చెరువు మీద పనిచేసేవాడి వేళ్లు సంపెంగల వాసనొస్తాయా?"

అత్త నమ్మలేదు. వంటింట్లో డబ్బాలు, మంచం కింద, ఆఖరికి నాన్న స్కూటర్ డిక్కీ కూడా సోదా చేసింది. అందులో చేపల మేతకని పెట్టుకున్న తవుడు గుప్పెడు దొరికితే, ఉప్పుందేమోనని దాన్నీ నాలుక మీద వేసుకుని చూసింది.

డయాలసిస్ మొదలైంది. నాన్న నడుం నొప్పి, ఒంట్లో రక్తం తగ్గడం చూసి డాక్టరుగారు ఎముక మూలుగ తీయించి పరీక్ష చేయించారు. ఫలితం చెప్పే రోజున అత్త కూడా మాతో వచ్చింది.

"మీ వంశంలో ఉన్న బుడగల జబ్బు ఉందండి. కానీ అది నెమ్మదిగా ముదిరేది. కిడ్నీలు ఇంత తొందరగా దెబ్బతిన్నది మాత్రం రక్త క్యాన్సర్ వల్లండి. తిండి వల్ల కాదు," అన్నారాయన.

నాన్న కేసు గెలిచినవాడిలా అక్కవైపు తిరిగాడు.

"విన్నావా? తిండి వల్ల కాదంట!"

ఇంటికొచ్చాక అత్త నాన్న మంచం పక్కన కూర్చుని, ఆయన వేళ్లు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఒరేయ్, ఒక్క ముక్కయినా తిన్నానని చెప్పరా. తిండి వల్లయితే తిట్టి మాన్పించేదాన్ని. దీన్ని నేనెట్టా మాన్పించనురా?"

నాకు ఏడుపు ఆగలేదు. నాన్న ఆవిడ మొహంలోకి చూశాడు.

"తిన్నానక్కా," అన్నాడు. "చెరువు గట్టు మీద. రోజూ."

"నాకు తెలుసురా సిగ్గులేని వెధవా!" అంటూ అత్త ఏడుస్తూనే తిట్లు లంకించుకుంది. నాన్న తల వంచుకుని, బుద్ధిగా అన్నీ పడ్డాడు.