మందారం టీ కోసం మోపిదేవి దాకా

గుడివాడలో ఆరున్నరకు రావలసిన బందరు పాసింజరు ఏడు దాటాక వచ్చింది. ఆలోగా స్టేషన్లో రెండు కాఫీలు తాగేశాను. మా ఇంట్లో కాఫీకి అదే ఆఖరి రోజు. నాకు బీపీ ఉందని డాక్టరు చెప్పిన వారానికే మా ఆవిడ ఏదో పత్రికలో ఎండు పూలరేకుల టీ గురించి చదివింది. మోపిదేవిలో రిటైరైన హెడ్మాస్టరు గారొకరు అది తయారుచేస్తారని ఆరా తీసింది. దొరకలేదని నేను చెప్పే వీల్లేకుండా ఎస్టీడీ బూత్ నుంచి ఆయనకు ఫోన్ కూడా చేసింది. ఆ టీ పొట్లం గడపలోకి వస్తే కాఫీ పొడి డబ్బా పక్కింటి పిన్నిగారికి ఇచ్చేస్తానంది. నవ్వుతూ అనలేదు.

గుడ్లవల్లేరులో ఎక్కిన ఒక పెద్దాయన నా గోడు విని, తన బావమరిది కూడా ఇలాగే కాకరకాయ రసం పాలబడ్డాడని చెప్పారు. ఇప్పుడెలా ఉన్నాడని అడిగాను.

"బానే ఉన్నాడండీ. మాట్లాడటం తగ్గించాడు."

బందరులో ఇడ్లీ తిని, మోపిదేవి బస్సెక్కి, పదకొండుకు దిగాను. స్వామికి దండం పెట్టుకుని కాఫీ సంగతి ఆయనకే విన్నవించాను.

హెడ్మాస్టరు గారి మేడ మీద తాటాకు పందిరి కింద, పాత పంచెల మీద మందార రేకులు, గులాబీ రేకులు ఆరుతున్నాయి. ఎండలో వేస్తే రంగు పోతుందట. పావుకిలో కట్టిచ్చి, రుచి చూడమని ఒక గ్లాసు టీ ఇచ్చారు. పెళ్ళిదండ నానబెట్టిన నీళ్ళు తాగినట్టుంది. తమరు రోజుకెన్నిసార్లు తాగుతారని అడిగాను. ఆయన గొంతు తగ్గించారు.

"నాకు బీపీ లేదండీ."

వాళ్ళ వంటింట్లోంచి కాఫీ వాసన వస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

తిరుగు బస్సు కిటకిటలాడుతూ వచ్చింది. ఎండుచేపల గంపతో కూర్చున్న ఒకావిడ పక్క సీటు మాత్రం ఖాళీగా ఉంది. అది చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. చేపల కంపు పట్టిన టీని మా ఆవిడ ఇంట్లో ఉంచదు, కాఫీ బతికిపోతుంది. వెళ్ళి కూర్చుని, పొట్లం మూతి వదులు చేసి గంపకు ఆనించాను.

చల్లపల్లి దాకా ఆవిడ ఓర్చుకుంది. తర్వాత ముక్కు ఎగబీల్చి, అందులో ఏముందని అడిగింది. చెప్పాను.

"కాస్త అవతల పెట్టుకోండి బాబుగారూ. గులాబీ వాసన పట్టిన చేపలు బందర్లో ఎవరు కొంటారు?"

నేను కదిలేలోపే గంపెత్తుకుని వెనక సీట్లోకి వెళ్ళిపోయింది. బస్సంతా నావైపే చూసింది.

గుడివాడ బస్సులో ఇంకా ఘోరం. ఆ కమ్మని వాసన ఎక్కడిదని అడిగి ఇద్దరు హెడ్మాస్టరు గారి చిరునామా రాసుకున్నారు. దివిసీమలో దర్శనం బాగా జరిగింది, మనుషులు మంచివాళ్ళు, తప్పక వెళ్ళిరండి. టీ గురించి మాత్రం నన్నడగొద్దు.

చీకటి పడుతుండగా మా వీధి మలుపు తిరిగాను. కమ్మగా కాఫీ వాసన వచ్చింది, పక్కింట్లోంచి.