ముక్కుకి రాసుకున్న వేలు

మా అమ్మ అంకమ్మకి పుట్టి బుద్ధెరిగాక జలుబే చేయలేదట! ముక్కు కారితే మిరప ఘాటు, దగ్గితే ఘాటు, తుమ్మితే ఘాటు. గుంటూరు పక్కన కోల్డ్ స్టోరేజి షెడ్డులో పెళ్లికి ముందు నుంచీ మిరపకాయల తొడిమలు తీస్తోంది. అక్కడ తుమ్మనివాళ్లే ఉండరు. ఎవరిది జలుబో, ఎవరిది ఘాటో ఆ దేవుడికే తెలియాలి.

నేను పురిటికి వచ్చాక అమ్మకి ఒకటే భయం, తన చేతి మంట పాపకి అంటుతుందని. పని నుంచి రాగానే చీర మార్చి, చేతులకి నూనె పట్టించి, శనగపిండితో రుద్ది కడిగేది. అంతటితో ఊరుకుంటేనా! వేలు తన ముక్కు లోపలి అంచుకి రాసుకుని చూసేది. మండకపోతే అదే వేలితో పాప మూతి నిమిరేది. రోజూ నా కళ్లముందే. అందులో తప్పు నాకూ తట్టలేదు, నా బుర్రకేం పుట్టిందో.

పాపకి రెండో నెల. అమ్మ తుమ్ములు చూసి జలుబేమో చూసుకోమంటే, ఘాటేనని కొట్టిపారేసింది. ఒకరోజు పాప ముక్కు మూసుకుపోయింది. పాలు పడితే రెండు గుటకలు వేసి, ఊపిరాడక వదిలేసి ఏడ్చేది. సాయంత్రానికి డొక్కలు ఎగరేయడం మొదలెట్టింది. ఆటో ఎక్కి బ్రాడీపేటలోని పిల్లల ఆసుపత్రికి పరుగెత్తాం.

"ఇంట్లో ఎవరికైనా జలుబుందా?" అని డాక్టరు మహతిగారు అడిగారు.

"ఎవరికీ లేదండీ," అంటూనే అమ్మ తుమ్మింది.

పాపని చేర్చుకున్నాక ఆవిడ అంతా విడమరిచి చెప్పారు. జలుబు వైరస్ ముక్కు లోపలి పొరలో చేరి పెరుగుతుందట. దాన్ని తరమడానికి ఒళ్లు చేసే పోరాటమే ఈ వాపూ, చీమిడీ. ముక్కు మూసుకుపోతే పెద్దవాళ్లు నోటితో ఊపిరి తీసుకుంటారు. పసిపిల్లకి ముక్కే దిక్కు. వేలి పరీక్ష సంగతి విని ఆవిడ తల పట్టుకున్నారు. అమ్మ ముక్కులోని జలుబు ఆ వేలితోనే పాపకి చేరి ఉంటుందన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "పిల్లని చంపేసేదానివి కదమ్మా! జలుబేమో చూసుకోమంటే ఘాటు ఘాటని నా నోరు మూశావు!" అని వార్డంతా వినేలా అరిచాను.

పాప కోలుకుంది. ఇంటికొచ్చాక అమ్మ దాని దగ్గరికే రాలేదు. తన తుమ్ములు తగ్గి వారం దాటినా, పాప గుక్కపట్టి ఏడుస్తున్నా, వసారాలోనే కూర్చునేది. నాకు మళ్లీ తిక్క రేగింది.

"ఎన్నాళ్లీ బెట్టు? సబ్బుతో కడుక్కుని రా!"

"మంట పోయిందో లేదో ఎట్టా తెలుసుద్దే?" అంది అమ్మ.

ఆమె వేలు లాక్కుని నా ముక్కు అంచుకి రాసుకున్నాను.

"మండుతోందా?"

"లేదు. మళ్లీ సబ్బుతో కడిగి ఎత్తుకో," అని కసిరాను.